ముదిరిన అండాశయ క్యాన్సర్: చికిత్స ఎంచుకునేటప్పుడు మంచి రోజులను లెక్కలోకి తీసుకోవడం ఎలా?

అండాశయ క్యాన్సర్ మూడో దశలోనో నాలుగో దశలోనో ఉందని తెలిసిన ఇంట్లో మొదటి వారంలోనే ఎన్నో నిర్ణయాలు జరిగిపోతాయి. హైదరాబాదుకు వెళ్లాలా బెంగళూరుకు వెళ్లాలా, ఆపరేషన్ ముందా కీమో ముందా, డబ్బు ఎవరు సర్దుతారు అనే చర్చల మధ్య ఒక ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు: చికిత్స జరిగే నెలల్లో ఆమెకు రోజు ఎలా గడుస్తుంది? దీనికి జవాబు స్కానింగ్ రిపోర్టులో ఉండదు. పది నిమిషాలు చూసి పంపే వైద్యుడికి కూడా అది పూర్తిగా కనిపించదు. ఆమె పక్కన ఉండే ఇంటివారికే అది తెలుస్తుంది కాబట్టి, దాన్ని పద్ధతిగా పోగుచేసి వైద్యుడి ముందు పెట్టవలసిన బాధ్యత కూడా ఇంటివారిదే అవుతుంది.

కర్నూలు జిల్లాలోని ఒక పల్లెలో ఉండిన మా పెద్దమ్మ వెంట రెండున్నర ఏళ్లపాటు ఆసుపత్రులకు తిరిగిన అనుభవంతోనూ, ఆ కాలంలో చదివీ వైద్యులను అడిగీ తెలుసుకున్న విషయాలతోనూ ఈ క్రమాన్ని రాస్తున్నాను. ఏ మందు, ఎంత మోతాదు అన్నవి మీ వైద్యులు తేల్చవలసిన సంగతులు. ఆ మందుకు ఆమె జీవితంలో ఎంత చోటు ఇవ్వవచ్చో తేల్చుకోవడానికి మీరు ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం.

1. ఎంత తెలుసుకోవాలని ఉందో ముందు ఆమెనే అడగండి

మన ఇళ్లలో 'ఆమెకు చెప్పొద్దు, తట్టుకోలేదు' అనే మాట ప్రేమతోనే వస్తుంది. అయితే జుట్టు రాలుతున్నప్పుడు, కడుపులో చేరిన నీరు తీయించుకుని వచ్చినప్పుడు, వార్డులో పక్క మంచంవారితో మాట్లాడినప్పుడు ఆమెకు విషయం తెలియకుండా పోదు. తెలిసీ తెలియనట్టు ఆమె, చెప్పీ చెప్పనట్టు మనం ఉండిపోతే, ఏది కావాలో ఏది వద్దో చెప్పే అవకాశం ఆమెకు మిగలదు. మా ఇంట్లో తొలి మూడు నెలలు ఇలాగే గడిచాయి. ఒక ఆసుపత్రిలో వైద్యుడు పెద్దమ్మను లోపల కూర్చోబెట్టి, మా అన్నను వరండాలోకి పిలిచి చికిత్స సంగతంతా మాట్లాడి పంపించాడు. ఆ రాత్రి ఆమె 'నా ఒంట్లోకి ఎక్కించే మందు గురించి నన్ను తప్ప అందరినీ అడిగినారు' అన్నది. మేము కూడా అడగలేదు గనుక ఎవరమూ మాట్లాడలేకపోయాము.

అందువల్ల ఏ పెద్ద నిర్ణయానికైనా ముందు, ఇంట్లో జనం తక్కువగా ఉన్న వేళ చూసి, ఆమె బాగా నమ్మే మనిషి ఒక్కరే పక్కన కూర్చుని ఇలా అడగాలి: 'డాక్టరు చెప్పేదంతా నువ్వే వినాలనుకుంటున్నావా, ముఖ్యమైనంత వరకు తెలిస్తే చాలా, లేక మేమే విని చూసుకోవాలా?' మూడింటిలో ఏది చెప్పినా అది ఆమె నిర్ణయమే. 'అంతా మీరే చూసుకోండి' అన్న మనిషిని బలవంతంగా కూర్చోబెట్టి లెక్కలు వినిపించడం కూడా సరికాదు. అలాంటప్పుడు తన తరఫున ఎవరు మాట్లాడాలో ఆమె చేతనే చెప్పించండి. భర్తే మాట్లాడాలని గానీ పెద్ద కొడుకే మాట్లాడాలని గానీ నియమం ఏమీ లేదు. చాలా ఇళ్లలో ఆమె కడుపుబ్బరం సంగతీ, రాత్రి నిద్ర సంగతీ నిజంగా తెలిసినది కూతురికో కోడలికో అయి ఉంటుంది.

2. మీరు ఏ మలుపులో ఉన్నారో వైద్యుడి నోట చెప్పించుకోండి

'క్యాన్సర్‌కు చికిత్స' అనే ఒకే మాట కింద చాలా వేర్వేరు పరిస్థితులు దాగి ఉంటాయి. ఈ జబ్బులో ముఖ్యంగా మూడు మలుపులు ఉంటాయి, ఒక్కో మలుపులో కష్టానికీ ఫలితానికీ మధ్య తూకం వేరుగా ఉంటుంది.

మొదటిది, జబ్బు కొత్తగా బయటపడినప్పుడు. శస్త్రచికిత్సతో పాటు సాధారణంగా కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే రెండు మందులను మూడు వారాలకొకసారి, మొత్తం ఆరు విడతలు సెలైన్‌లో ఎక్కిస్తారు. ముదిరిన దశలో కూడా ఎక్కువమందిలో జబ్బు ఈ తొలి చికిత్సకు బాగా లొంగుతుంది. ఎంతోమందికి నెలలు, కొందరికి ఏళ్లు మంచి ఆరోగ్యంతో గడుస్తాయి. కాబట్టి ఒంట్లో శక్తి ఉన్న మనిషి ఈ మలుపులో కష్టానికి ఓర్చుకోవడంలో అర్థం ఉందని నా అభిప్రాయం. ఇక్కడ కూడా ఎంచుకోవలసినవి ఉన్నాయి. ఆపరేషన్ ముందు చేయాలా, మూడు విడతల కీమో తరువాత చేయాలా అన్నది వాటిలో ఒకటి. 2010లో ఫలితాలు వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ రెండు పద్ధతుల్లో మధ్యస్థ జీవితకాలం (సగం మంది అంతకంటే ఎక్కువ, సగం మంది తక్కువ బతికిన గడువు) 29 నెలలు, 30 నెలలుగా, అంటే దాదాపు సమానంగా తేలింది. శస్త్రచికిత్స తరువాతి ఇబ్బందులు మాత్రం కీమో ముందు తీసుకున్నవారిలో తక్కువగా కనిపించాయి. కంటికి కనిపించే గడ్డ అంతా తీసేయగలమని నమ్మకం ఉన్నప్పుడు, మనిషి గట్టిగా ఉన్నప్పుడు ముందే ఆపరేషన్ చేయడం మేలని భావించే సర్జన్లు చాలామంది ఉన్నారు. కాబట్టి 'ఈమె విషయంలో ఏది, ఎందుకు' అని అడగండి. పేగులో కొంత భాగం తీయవలసి వస్తుందా, మలం పోవడానికి పొట్టపై సంచి పెట్టవలసిన అవకాశం ఉందా అన్నది ఆపరేషన్‌కు ముందే ఆమెకు తెలియాలి. తెల్లారి లేచి చూసుకుని ఆ సంచి సంగతి తెలుసుకోవడం ఎవరికీ రాకూడని కష్టం.

ఈ మలుపులోనే బి.ఆర్.సి.ఏ. జన్యు పరీక్ష (ఈ క్యాన్సర్ ముప్పును పెంచే వంశపారంపర్య లోపం ఉందేమో చూసే పరీక్ష) గురించి కూడా అడగండి. ఆ జన్యువుల్లో లోపం ఉన్నవారికి కీమో ముగిసిన తరువాత ఓలాపరిబ్ వంటి మాత్రలు ఎక్కువ మేలు చేస్తాయని 2018లో వచ్చిన ఫలితాలు చూపించాయి. ఇవి ఇంట్లోనే వేసుకునే మాత్రలే అయినా వికారం, రక్తహీనత, నీరసం తెస్తాయి కాబట్టి కింద చెప్పే మంచి రోజుల లెక్క వీటికీ వర్తిస్తుంది. ఆ లోపం తండ్రి వైపు నుంచి కూడా రావచ్చు. ఫలితం తేలితే ఆమె అక్కచెల్లెళ్లకూ కూతుళ్లకూ కూడా అవసరమైన సమాచారం దొరుకుతుంది.

రెండో మలుపు, చివరి విడత కార్బోప్లాటిన్ తరువాత ఆరు నెలలు దాటాక జబ్బు తిరగబెట్టడం. అప్పుడు అదే కుటుంబపు మందులు మళ్లీ పనిచేసే అవకాశం బాగా ఉంటుంది, కొందరికి రెండోసారి శస్త్రచికిత్స కూడా ఉపయోగపడవచ్చు. మూడో మలుపు, ఆరు నెలలు నిండకముందే తిరగబెట్టడం. ఆరు నెలలు అన్నది గీత గీసినంత ఖచ్చితమైన హద్దు కాకపోయినా, ఈ వైపుకు వచ్చాక పరిస్థితి మారుతుంది. ఒకే మందుతో చేసే కీమోకు జబ్బు లొంగేది నూటికి పది, పదిహేను మందిలోనే. అదుపులో ఉండే కాలం కూడా సాధారణంగా మూడు నాలుగు నెలలే. ఈ మాట వైద్యులు సులభంగా చెప్పరు, మనం సులభంగా అడగము. కానీ మంచి రోజుల లెక్క అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యేది ఈ మూడో మలుపులోనే. 'సార్, చివరి కీమోకూ ఇప్పటికీ మధ్య ఎన్ని నెలలు గడిచాయి? దాన్నిబట్టి ఈ మందుకు జబ్బు లొంగే అవకాశం ఎంత?' అని సూటిగా అడగండి.

3. ఆమెకు ముఖ్యమైనవి పనుల పేర్లతో రాసుకోండి

'బాగుంటే చాలు' అన్న మాటతో ఏ చికిత్సనూ తూచలేము. ఏ పని చేయగలిగితే తనకు ఆ రోజు బాగున్నట్టో ఆమెను అడిగి, ఆమె మాటల్లోనే ఒక నోటుపుస్తకంలో రాయండి. పెద్దమ్మ చెప్పినవి నాలుగే: తన స్నానం తాను చేయడం, జాకెట్టు హుక్కులు తానే పెట్టుకోవడం, మధ్యాహ్నం ఒక ముద్ద సంగటి తిని కడుపులో నిలుపుకోవడం, సాయంత్రం అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవారితో మాట్లాడడం.

వినడానికి ఇవి చిన్న విషయాలుగా ఉన్నా, ఒక్కోదాని వెనుక ఒక మందు సంగతి ఉంటుంది. పాక్లిటాక్సెల్ వల్ల వేళ్ల చివర్లు మొద్దుబారి తిమ్మిర్లు వస్తాయి. హుక్కు పట్టుబడదు, నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియదు. లైపోసోమల్ డాక్సోరుబిసిన్‌తో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కుతాయి, నోట్లో పుండ్లు రావచ్చు, అయితే జుట్టు పూర్తిగా రాలడం అరుదు. కుట్టుపని మీద బతికే మనిషికి మొదటి మందు ఎక్కువ నష్టం చేయవచ్చు, పొలం గట్ల మీద నడవవలసిన మనిషికి రెండో మందు ఇబ్బంది కలిగించవచ్చు. ఆమె పనుల జాబితా లేకుండా ఈ తేడాను వైద్యుడు మీకు చెప్పలేడు.

దాని కిందనే మరో రెండు మాటలు రాయించండి: ఏ కష్టానికైనా ఓర్చుకుని చేరాలనుకుంటున్న రోజు ఏదైనా ఉందా, ఎట్టి పరిస్థితిలోనూ తనకు వద్దనుకుంటున్నది ఏమైనా ఉందా అని. మనవరాలి పెళ్లి చూడాలని ఒకరికి ఉంటుంది. గూగూడు కుళ్లాయిస్వామి దగ్గర మొక్కు తీర్చుకోవాలని మరొకరికి ఉంటుంది. అలాంటి తేదీ ఉంటే వైద్యుడికి చెప్పండి, దాన్నిబట్టి కీమో తేదీలను సర్దడం చాలాసార్లు సాధ్యమే.

4. గోడ క్యాలెండర్ మీద ప్రతి రాత్రీ ఒక గుర్తు పెట్టండి

ఈ మొత్తం క్రమంలో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ప్రతి ఇంట్లోనూ గోడకు ఒక తెలుగు క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది. దాని పక్కన ఒక పెన్సిల్ కట్టండి. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు గడి మీద ఆమె చేతనే గుర్తు పెట్టించండి: తన పనులు తాను చేసుకోగలిగిన రోజుకు సున్నా, కొంత చేయగలిగి కొంత మంచం పట్టిన రోజుకు అడ్డగీత, మంచం దిగలేని రోజుకు ఇంటూ మార్కు. చదువు రాని మనిషి కూడా ఈ మూడు గుర్తులు పెట్టగలదు. కీమో ఎక్కించిన రోజును, నీరు తీయించిన రోజును, ఆసుపత్రి కోసం ప్రయాణం చేసిన రోజును పక్కన ఒక్క అక్షరంతో గుర్తించండి.

ఇది ఎందుకంటే, మన జ్ఞాపకం న్యాయంగా ఉండదు. కీమో తరువాతి ఐదు చెడ్డ రోజులు మనసులో నిలిచిపోయి మిగిలిన పదహారు మంచి రోజులను మరపిస్తాయి; లేదా వైద్యుడి ముందు కూర్చునే రోజు ఆమె కాస్త తేరుకుని ఉంటే, 'ఎలా ఉన్నారమ్మా' అన్న ప్రశ్నకు 'బాగానే ఉన్నాను సార్' అన్న జవాబు వస్తుంది, మందు అలాగే సాగిపోతుంది. డాక్టరు ముందు బాధ చెప్పుకోవడం మర్యాద కాదనుకునే ఆడవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. గోడ మీద గుర్తులకు ఆ మొహమాటం ఉండదు.

ఒక విడత ముగిశాక సున్నాలను లెక్కపెట్టండి. మూడు వారాల విడతలో ఇరవై ఒక్క రోజులకు ఎన్ని సున్నాలు వచ్చాయి? ముందటి విడత కంటే పెరిగాయా, తగ్గాయా? తగ్గితే అది మందు వల్లా, జబ్బు పెరగడం వల్లా? కీమో ఎక్కించిన వెంటనే ఇంటూ మార్కులు గుంపుగా వచ్చి తరువాత సున్నాలు మొదలైతే అది ఎక్కువగా మందు ప్రభావం అయి ఉంటుంది. మోతాదు తగ్గించడం, వ్యవధి పెంచడం, వికారానికి మందు మార్చడం వంటివి అడగవచ్చు. విడత చివరి వారంలో కూడా సున్నాలు రాకపోతే జబ్బే ముందుకు పోతున్నదేమో చూడాలి. ఈ తేడాను తేల్చేది వైద్యుడే, కానీ తేల్చడానికి కావలసిన ఆధారం మీ గోడ మీద ఉంటుంది.

వైద్యులు వాడే ఒక కొలమానాన్ని కూడా తెలుసుకోవడం మంచిది. మనిషి ఎంత తిరగగలుగుతోందో వారు 0 నుంచి 4 వరకు అంకెల్లో రాస్తారు. 0 అంటే జబ్బుకు ముందులాగే ఉండడం. 2 అంటే తన పనులు తాను చేసుకుంటూ పగటి వేళలో సగం కంటే ఎక్కువ సేపు లేచి తిరగడం. 3 అంటే సగం కంటే ఎక్కువ సేపు మంచంలోనో కుర్చీలోనో గడపడం. 4 అంటే పూర్తిగా మంచం పట్టడం. 3కు చేరిన మనిషికి కీమో వల్ల మేలు కంటే కీడు ఎక్కువ జరిగే ప్రమాదం ఉంటుంది. ఆమె ఓ.పి. చీటీ మీద ఏ అంకె రాశారో అడగండి, మీ క్యాలెండర్‌తో అది సరిపోతోందో లేదో చూడండి.

5. వైద్యుడిని 'ఏమైనా చేయొచ్చా' అని కాకుండా, పోల్చి చెప్పమని అడగండి

'ఇంకేమైనా చేయొచ్చా సార్?' అని అడిగితే దాదాపు ఎప్పుడూ ఏదో ఒక మందు ఉంటుంది. అందువల్ల ప్రశ్నను మార్చాలి. ఈ మందు తీసుకుంటే రాబోయే మూడు నెలలు ఎలా ఉంటాయి, తీసుకోకపోతే ఆ మూడు నెలలే ఎలా ఉంటాయి? దీని ఉద్దేశం ఆయుష్షు పెంచడమా, కడుపు బాధ తగ్గించడమా, రెండూనా? ఆసుపత్రికి ఎన్నిసార్లు రావాలి? ఫలితం ఉందో లేదో ఎన్ని వారాలకు తెలుస్తుంది? ఈ ప్రశ్నలను కాగితం మీద రాసుకుని వెళ్లి, జవాబులు అక్కడే రాసుకోండి. క్యాలెండర్ పుటను ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి.

చికిత్స ఉద్దేశం అన్న ప్రశ్న ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. మూడో మలుపులో ఉన్నవారికి కీమోతో పాటు బెవాసిజుమాబ్ (గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునే మందు) ఇచ్చి చూసిన అధ్యయనం ఫలితాలు 2014లో వచ్చాయి. జబ్బు పెరగకుండా నిలిచిన కాలం 3.4 నెలల నుంచి 6.7 నెలలకు పెరిగింది, మొత్తం జీవితకాలంలో మాత్రం గట్టి తేడా తేలలేదు. ఆయుష్షు ఒక్కటే చూసేవారికి ఇది నిరాశగానే తోస్తుంది. అదే అధ్యయనంలో కడుపు బాధలు చెప్పుకోదగినంత తగ్గినవారు కీమో ఒక్కటే తీసుకున్నవారిలో 9.3 శాతం ఉంటే, ఈ మందు కూడా తీసుకున్నవారిలో 21.9 శాతం ఉన్నారు. కడుపు ఉబ్బి రెండు ముద్దలు కూడా తినలేక బాధపడుతున్న మనిషికి ఈ రెండో అంకె చాలా విలువైనది. మరో వైపు, ఈ మందుతో రక్తపోటు పెరగవచ్చు, అరుదుగా పేగుకు రంధ్రం పడవచ్చు. పేగుల్లో అడ్డు ఉన్నవారికి ఆ ప్రమాదం ఎక్కువ గనుక సాధారణంగా ఇవ్వరు.

6. ప్రయాణాన్ని, ఖర్చును మందులో భాగంగానే లెక్కపెట్టండి

కర్నూలు నుంచి హైదరాబాదుకు, అనంతపురం నుంచి బెంగళూరుకు రెండు వందల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. కడప నుంచి తిరుపతికి సుమారు 140 కిలోమీటర్లు. వారం వారం ఎక్కించే పాక్లిటాక్సెల్ కోసం అంత దూరం తిరిగితే, ప్రయాణం రోజూ, అలసట తీరే మరునాడూ కలిపి వారానికి రెండు రోజులు అందులోనే పోతాయి. పెద్దమ్మకు జబ్బు మూడో మలుపులోకి వచ్చినప్పుడు వైద్యురాలు వారానికొకసారి ఇచ్చే పాక్లిటాక్సెల్, నాలుగు వారాలకొకసారి ఇచ్చే లైపోసోమల్ డాక్సోరుబిసిన్ రెండింటినీ వివరించి ఏది కావాలని నేరుగా ఆమెనే అడిగింది. 'వారం వారం అంత దూరం నాతో కాదమ్మా, నెలకొకసారైతే వస్తా' అన్నది పెద్దమ్మ. హుక్కుల సంగతి కూడా తానే చెప్పింది. ఆ రోజు ఆమె ముఖంలో కనిపించిన నిబ్బరం నేను అంతకు ముందు ఏ ఆసుపత్రిలోనూ చూడలేదు.

పెద్ద ఊరి నిపుణులు రాసిన చికిత్సను దగ్గర్లోనే ఎక్కించవచ్చా అని తప్పక అడగండి. కర్నూలులో వైద్య కళాశాల ప్రాంగణంలో ప్రభుత్వ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. కడప వైపువారికి తిరుపతి, వేలూరు, అనంతపురం వైపువారికి బెంగళూరులోని కిద్వాయ్ క్యాన్సర్ సంస్థ, కర్నూలువారికి హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థ అలవాటైన దారులు. శస్త్రచికిత్స మాత్రం ఈ జబ్బులో అనుభవం ఉన్న క్యాన్సర్ సర్జన్ చేతనే చేయించడం మేలు, అందుకు దూరం వెళ్లినా ఫరవాలేదు. ఆరోగ్యశ్రీగా మనకు తెలిసిన, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో ఏ మందు ఉంది, ఏది లేదు అన్నది కౌంటరులోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి రాసుకోండి. పొలం అమ్మి మందు తెచ్చారన్న భారం మనసులో మోస్తూ చికిత్స తీసుకునే తల్లికి ఆ రోజులు మంచి రోజులు కావు. డబ్బు సంగతి ఆమె ముందు మాట్లాడడం తప్పేమీ కాదు.

7. సి.ఏ.-125 అంకె వెంట పరుగెత్తే ముందు ఆగి అడగండి

చికిత్స ముగిసి మనిషి హాయిగా తిరుగుతున్న కాలంలో సి.ఏ.-125 (ఈ జబ్బు పెరుగుతోందేమో సూచించే రక్తపరీక్ష) అంకె పెరిగిందని తెలియగానే ఇంట్లో నిద్ర కరువవుతుంది. 529 మంది స్త్రీలతో జరిగి 2010లో ఫలితాలు వెలువడిన ఒక అధ్యయనంలో, అంకె పెరగగానే కీమో మొదలుపెట్టినవారినీ, లక్షణాలు కనిపించేదాకా ఆగినవారినీ పోల్చారు. ముందు మొదలుపెట్టినవారు దాదాపు ఐదు నెలలు ముందుగా కీమోలోకి వెళ్లారు. వారు బతికిన కాలం మాత్రం పెరగలేదు, జీవన నాణ్యత ముందుగానే తగ్గింది. రెండోసారి ఆపరేషన్‌కు అవకాశం ఉన్నవారి విషయంలో త్వరగా తెలియడం వల్ల ప్రయోజనం ఉండవచ్చు. అందువల్ల పరీక్ష చేయించే ముందే 'అంకె పెరిగితే ఏం చేస్తారు సార్? ఏమీ చేయనవసరం లేకపోతే ఇప్పుడు చేయించడం ఎందుకు?' అని అడిగి, ఆమెకు తెలుసుకోవాలని ఉందో లేదో కూడా కనుక్కోండి.

8. ఉపశమన వైద్యాన్ని మొదటి నుంచే అడగండి

నొప్పి, వాంతులు, ఆయాసం వంటి బాధలను తగ్గించడానికి చేసే ఉపశమన వైద్యం చేతులెత్తేసిన తరువాత చేసేదని చాలామంది అనుకుంటారు. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారిపై జరిగిన అధ్యయనంలో, మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే ఈ వైద్యం అందినవారికి జీవన నాణ్యత మెరుగ్గా ఉండడమే గాక, మధ్యస్థ జీవితకాలం కూడా 8.9 నెలలకు బదులు 11.6 నెలలుగా ఉంది. అది వేరే క్యాన్సర్ అయినా, బాధను అదుపులో పెట్టడం మనిషి శక్తిని నిలబెడుతుందన్నది ఏ జబ్బులోనైనా గుర్తుంచుకోదగినదే.

అండాశయ క్యాన్సర్‌లో బాధలు ఎక్కువగా కడుపు చుట్టూ తిరుగుతాయి. కడుపులో నీరు చేరి ఆయాసం, ఆకలి మందగించడం వస్తే, సూదితో నీరు తీయించడం వల్ల గంటల్లోనే ఊరట దొరుకుతుంది. ఒకటి రెండు వారాల్లోనే మళ్లీ నిండుతూ ఉంటే, ప్రతిసారీ ఆసుపత్రికి పోనవసరం లేకుండా పొట్టలో చిన్న గొట్టం ఉంచి ఇంట్లోనే తీసుకునే ఏర్పాటు వీలవుతుందా అని అడగండి.

నొప్పికి మార్ఫిన్ రాస్తే 'ఇక అయిపోయినట్టే' అని భయపడి మాత్రలను అల్మారాలో దాచేసిన ఇళ్లు నాకు తెలుసు. వైద్యుడు చెప్పిన లెక్కన వేసుకునే మార్ఫిన్ ఆయుష్షును తగ్గించదు; నొప్పి తగ్గి నిద్రపట్టి, క్యాలెండర్ మీద ఇంటూ మార్కు సున్నాగా మారేది చాలాసార్లు దానితోనే. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు ఈ మందును తేలికగా ఉంచుకునే వీలు కల్పించారు. మీ ఆసుపత్రిలో లేకపోతే ఎక్కడ దొరుకుతుందో రాసివ్వమనండి. మార్ఫిన్ మొదలైన రోజే మలబద్ధకానికి కూడా మందు అడగండి.

తిండి విషయంలో బలవంతం వద్దు. రెండు ముద్దలకే కడుపు నిండడం ఈ జబ్బు లక్షణం, ఆమె మొండితనం కాదు. పలుచని జావ, మజ్జిగ, పప్పుకట్టు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు ఇవ్వండి.

రెండు పరిస్థితుల్లో మాత్రం తెల్లారేదాకా ఆగకండి. కీమో నడుస్తున్న కాలంలో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మలం, గ్యాసు పూర్తిగా ఆగిపోయి, కడుపు బిగుసుకుని వాంతులవుతుంటే పేగులో అడ్డుపడి ఉండవచ్చు. అప్పుడు విరేచనం మందు సొంతంగా వేయకండి. పేగు అడ్డుకు అందరికీ ఆపరేషన్ సరైన దారి కాదు. ముక్కు ద్వారా గొట్టం, వాంతులను తగ్గించే ఇంజెక్షన్లు, వాపు తగ్గించే మందులు వంటి దారులు ఉన్నాయి. ఆ స్థితి వస్తే ఆపరేషన్ కావాలో వద్దో ఆమె నిబ్బరంగా ఉన్నప్పుడే అడిగి ఉంచుకోండి, ఎందుకంటే క్యాజువాలిటీ గుమ్మంలో ఆ సంగతి ఎవరూ ఆలోచించలేరు.

9. మొదలుపెట్టే రోజే ఆపే గడువును కూడా రాయండి

కొత్త మందు మొదలుపెట్టేటప్పుడు, 'రెండు లేదా మూడు విడతల తరువాత ఆగి చూద్దాం' అని వైద్యుడితో కలిసి తేదీ వేయండి. ఏవి జరిగితే కొనసాగించాలి, ఏవి జరిగితే ఆపాలి అన్నది ఆమె మాటల్లోనే కింద రాయండి. పెద్దమ్మ నోటుపుస్తకంలో 'సగం దినాలన్నా అరుగు మీద కూర్చోలేకపోతే ఇంక వద్దు' అని ఉంది. మొదటి విడతలో ఇరవై ఎనిమిదికి పదిహేడు సున్నాలు వచ్చాయి. మూడో విడతలో తొమ్మిదే వచ్చాయి, స్కానింగ్‌లో గడ్డలు పెరిగాయి. ఆపుదామన్న మాట ఆమే అన్నది, మేము కాదు. ఆ తరువాత ఇంట్లో గడిపిన నాలుగు నెలలకు పైగా కాలంలో రెండుసార్లు నీరు తీయించాము, మార్ఫిన్ వేశాము. శనక్కాయలు ఒలుస్తూ అరుగు మీద ఆమె కూర్చున్న సాయంత్రాలు ఆ క్యాలెండర్‌లో చాలానే ఉన్నాయి.

చివరి నెలల్లో కీమో కొనసాగించడం వల్ల, అప్పటికి బాగానే తిరుగుతున్న వారికి కూడా ఆఖరి వారం మరింత కష్టంగా గడిచిందని 2015లో అమెరికాలో ఒక పరిశీలన తేల్చింది. అయినా ఆపడం తేలిక కాదు. 'చూస్తూ చూస్తూ వదిలేసినారా?' అనే బంధువు ప్రతి ఇంటికీ ఒకరు వస్తారు. వారికి ఇచ్చే జవాబును ఇంటిల్లిపాదీ ముందే అనుకుని ఉంచుకోండి: 'కీమో ఆపినాము, వైద్యం ఆపలేదు, ఆమె అడిగిందే చేస్తున్నాము.' ఒకవేళ ఆమే ఇంకొక మందు ప్రయత్నించాలని కోరితే, అంకెలు తెలిసి కోరుతున్నదైతే, ఆ కోరికను కూడా ఇంతే గౌరవంతో వైద్యుడి ముందు పెట్టండి.

10. ఆమె మాటను కాగితం మీదకు తెండి

2018 మార్చి 9న సుప్రీంకోర్టు, తన చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందుగానే రాసి ఉంచుకునే హక్కు మనిషికి ఉందని చెప్పింది. 2023 జనవరిలో ఆ విధానాన్ని సులభం చేసింది. పద్దెనిమిదేళ్లు నిండి, తెలివితో ఉన్న మనిషి ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేస్తే సరిపోతుంది. తాను మాట్లాడలేని స్థితిలో తన తరఫున ఎవరు నిర్ణయించాలో అందులో పేర్లు రాయాలి. వెంటిలేటర్ కావాలా వద్దా, చివరి రోజులు ఆసుపత్రిలోనా ఇంట్లోనా అన్నవి కూడా అందులో ఉండవచ్చు, మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఆ కాగితం నకలు ఒకటి చికిత్స చేసే వైద్యుడికి ఇవ్వండి, ఒకటి ఓ.పి. ఫైలులో పెట్టండి. మరో చిన్న కాగితం మీద ప్రస్తుతం వేసుకుంటున్న మందుల పేర్లు, వేళలు, మార్ఫిన్ ఉంచిన చోటు, వైద్యుడి ఫోన్ నంబరు, 108, ఆమె వద్దన్నవి రాసి క్యాలెండర్ పక్కనే అంటించండి. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, రాత్రిళ్లు ఆమె దగ్గర పడుకునే ప్రతి మనిషికీ పంపండి. మందు మారిన ప్రతిసారీ కొత్త కాగితం రాసి పాతదాన్ని తీసేయండి.